వైఫై ఉంది, గేమ్ కలవట్లేదు

ఇళ్లకు ఇంటర్నెట్ లైను వేసే కంపెనీలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రిటైరైనవాళ్లు సాధారణంగా తాము ఎక్కిన పదవుల గురించి రాసుకుంటారు. నేను ఎక్కినవి అల్యూమినియం నిచ్చెనలే కాబట్టి ఆ భాగం వదిలేస్తున్నాను.

మలేషియాలోని మా తెలుగు సంఘం పత్రికవాళ్లు, "ఈ పనిలో కొత్తగా చేరే పిల్లలకు ఉపయోగపడేలా ఏదైనా రాయండి" అన్నారు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు వింటే అర్థమవుతుంది గాని నోరు తిరగదు. ఇక చదవడం సంగతి అడగనే అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా చదివి వినిపిస్తారన్న ఆశతో రాస్తున్నాను. చదివేవాళ్లు మధ్యలో తమ సొంత కథలు కలపకుండా ఉంటే చాలు.

అసలు పని ఏమిటంటే

నా ఏరియా క్లాంగ్ నుంచి బంటింగ్ దాకా. కంపెనీ వ్యాను, నిచ్చెన, పనిముట్ల సంచి, ఇవే నా ఆఫీసు. చివరి కొన్నేళ్లలో నాకు బాగా ఇష్టమైన ఫిర్యాదు, నాకు బాగా తిట్లు తినిపించిన ఫిర్యాదు ఒకటే. టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె ఆన్‌లైన్‌కు కలవడం లేదని. ఫోన్లో వీడియోలు వస్తుంటాయి, టీవీలో సినిమా నడుస్తుంటుంది, గేమ్ పెట్టె ఒక్కటే తెర మీద ఎర్ర గుర్తు చూపించి మొండికేస్తుంది. "వైఫై ఉంది, గేమ్ కలవట్లేదు" అన్న ఈ ఒక్క మాటను నేను మలయ్‌లో, తమిళంలో, ఇంగ్లీషులో, తెలుగులో, చైనా భాషలు రెండు మూడింటిలో విన్నాను. కోపం మాత్రం అన్ని భాషల్లోనూ ఒకటే.

అలాంటి ఇంట్లో తలుపు తీయగానే ముందుగా నిందితులెవరో చెప్పేస్తారు. మొదటి నిందితుడు మా కంపెనీ. తర్వాత పెట్టె అమ్మిన కొట్టువాడు. ఆ తర్వాత పక్కింటివాడు, మన వైఫై అంతా వాడే లాగేస్తున్నాడని. సొంత ఇంట్లోవాళ్ల పేరు చెప్పినవాళ్లను నేను చూడలేదు. నాకు మాత్రం కారణం ఎక్కువసార్లు ఇంట్లోనే దొరికింది. దొంగలు ఎత్తుకుపోతారని మోడెంను ఇనప బీరువాలో పెట్టి తాళం వేసినవాళ్లున్నారు. దుమ్ము పడకుండా దానికి లేసు గుడ్డ కుట్టి తొడిగినవాళ్లున్నారు. పోర్ట్ క్లాంగ్‌లో ఒకావిడ దాన్ని దేవుడి అలమరలో పెట్టి రోజూ కుంకుమ బొట్టు పెట్టేది. నేను బొట్టుకు అడ్డు చెప్పలేదు. గాలి వెళ్లే కన్నాల మీద వద్దు, పక్కన పెట్టమన్నాను. ఆ ఇంట్లో నెట్ మళ్లీ పోలేదు, ఎందుకు పోలేదో నేను విచారించలేదు.

ఇవన్నీ ట్రైనింగులో చెప్పరు. ట్రైనింగులో మోడెం గాలి తగిలేలా బల్ల మీద ఒంటరిగా ఉంటుంది. దాని చుట్టూ సంసారం ఉండదు.

టాన్ గారి మైలో నియమం

నాకు పని నేర్పిన బాస్ పేరు టాన్. పొట్టి మనిషి, గొంతు మాత్రం రేవులో ఓడ కూసినట్టు ఉండేది. ఆయన పెట్టిన మొదటి నియమం వైర్ల గురించి కాదు, మైలో గురించి. మన దేశంలో ఏ జాతివాళ్ల ఇంటికి వెళ్లినా కూర్చోగానే పాలలో చాక్లెట్ పొడి కలిపిన మైలో గ్లాసుడు చేతికొస్తుంది. తప్పు ఎక్కడుందో దొరికేదాకా దాన్ని ముట్టుకోకూడదని ఆయన ఆజ్ఞ.

"మైలో తాగావంటే ఆ ఇంటి చుట్టానివైపోతావు. చుట్టం లేచి నిలబడి 'తప్పు మీ అబ్బాయిదే' అని ఎలా చెప్తాడు? ముందు చెప్పు, తర్వాత తాగు. చెప్పాక వాళ్లు మైలో వెనక్కి తీసుకెళ్లిపోతే, నువ్వు సరిగ్గానే చెప్పావన్నమాట" అనేవాడు.

కొత్తలో నేను దీన్ని ముసలాయన చాదస్తం అనుకున్నాను. తర్వాత చూస్తే, ముందే తాగి కూర్చున్న మా కుర్రాళ్లందరూ "తప్పు మన లైనుదే" అని రాసుకొచ్చేవారు. ఆ పని తిరిగి చేయడం మా నెత్తిన పడేది. టాన్ గారు మంచి మనిషని నేను చెప్పను. పుట్టినరోజుకు సెలవడిగితే, "పుట్టినప్పుడు నువ్వేం పని చేశావు, దానికి సెలవెందుకు" అన్న మనిషి. కాని పని తెలిసిన బాస్ తిట్టినా భరించవచ్చు, తిట్టులో సగం పాఠం ఉంటుంది.

ఆయన చేత నేను తిన్న పెద్ద తిట్టు చేప గురించి. ఒకసారి ఒక ఇంట్లో మోడెంకూ గేమ్ పెట్టెకూ మధ్య పెద్ద చేపల తొట్టి ఉంది. వైఫైకి నీళ్లంటే పడదు, నీళ్లలోంచి దాటలేక నీరసించిపోతుంది. మోడెంను పై అరలోకి మార్చగానే ఆట కలిసింది. ఇంటివాళ్లు నన్ను దేవుణ్ని చూసినట్టు చూశారు. ఆ చూపు నా తలకెక్కింది. అప్పట్నుంచి ఏ ఇంటికెళ్లినా ముందు నీళ్లు వెతికేవాణ్ని.

కొన్నాళ్లకు క్లాంగ్‌లో ఒక చైనీస్ పెద్దాయన ఇంట్లో మరో తొట్టి కనిపించింది. అందులో అరొవానా, బంగారు రంగు చేప, ఆ ఇంటికి అదృష్టమని ఆయన నమ్మకం. మోడెం కదపడానికి వీల్లేకుండా గోడకు బిగించి ఉంది. నేను ఏమాత్రం తడుముకోకుండా తొట్టి జరపమన్నాను. ఆయన, ఆయన కొడుకులు కలిసి నీళ్లు తోడారు, చేపను స్నానాల తొట్టిలోకి మార్చారు, తొట్టిని గదిలో ఆ మూలకు ఈడ్చారు. అందరం చెమటతో తడిసి ముద్దయ్యాం. గేమ్ మాత్రం కలవలేదు. అప్పుడు పక్కింటి పిల్ల తొంగి చూసి, "అంకుల్, మా ఇంట్లో కూడా రావట్లేదు, ఆ గేమ్ కంపెనీవాళ్లే రిపేరుకని మూసేశారంట" అంది. తెల్లారేసరికి దేశమంతటా దానంతటదే కలిసింది.

టాన్ గారు ఈ సంగతి విని, "చేపను అడగకపోయావా, అదే చెప్పేది" అన్నాడు. ఆ పెద్దాయన చాలా రోజులు నాకు ఫోన్ చేసి, చేప అలిగిందని, తిండి సరిగ్గా ముట్టడం లేదని చెప్పేవాడు. నేను దాని ఆరోగ్యం అడిగి తెలుసుకునేవాణ్ని, ఇంకేం చేస్తాను. అందుకని పిల్లలూ, సంచి విప్పకముందే అవతల సర్వీసు నడుస్తోందో లేదో చూడండి. మరో ఇంటికి ఫోన్ కొట్టి అడగండి. మొన్న పనిచేసిన మందు ఇవాళ కూడా పనిచేస్తుందని ఎవరింట్లోనూ సామాన్లు జరిపించకండి.

ఇంటి మోడెంకు యజమాని ఎవరు

క్లాంగ్‌లోనే ఒక తమిళ కుటుంబం. నేను గేటు తీయబోతుంటే ఇంటావిడ పరుగున వచ్చి నన్ను అక్కడే ఆపేసింది.

"అణ్ణే, పరీక్షలయ్యేదాకా ఇది బాగుపడదని మా అబ్బాయితో చెప్పండి. మీకు పుణ్యముంటుంది" అంది.

అబద్ధం చెప్పనన్నాను. లోపలికెళ్లి చూస్తే సంగతి తెలిసింది. ఆవిడే ఫోన్లో ఏదో వీడియో చూసి నేర్చుకుని, గేమ్ పెట్టెను మోడెంలోంచే అడ్డుకుంది. పిల్లవాడు అరుస్తుంటే భయపడి, ఏమీ తెలియనట్టు మాకు ఫిర్యాదు కూడా చేసింది. నేను ఆవిడను పక్కకు పిలిచి, ఇలా దొంగచాటుగా కాకుండా ఆటకు వేళలు పెట్టే పద్ధతి ఒకటుందని చూపించాను. సాయంత్రం కాసేపు తెరుచుకుంటుంది, మిగతా సమయం మూతపడుతుంది. ఆవిడ అప్పటికప్పుడు వేళలు పెట్టేసి, నాకు మైలో తెచ్చింది. కొడుకు నా వంక చూసిన చూపుకు ఆ మైలో గొంతు దిగలేదు.

ఆ వారంలోనే అదే ఇంటి నుంచి మళ్లీ ఫోన్. ఈసారి తండ్రి. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. అందరూ పడుకున్నాక రోజూ ఫుట్‌బాల్ ఆట ఆడుకునేది ఆయనట. ఇప్పుడు ఆ వేళకు పెట్టె తెరుచుకోవడం లేదు.

"సార్, వేళలు పెట్టింది మీ ఆవిడ. ఆవిడనే అడగాలి" అన్నాను.

"అడిగితే ఇన్నాళ్లూ నేను ఆడుతున్నానని తెలుస్తుంది కదా" అన్నాడు.

దానికి మా కంపెనీ దగ్గర మందు లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. బిల్లు ఎవరి పేరున వస్తుందన్నది ఆఫీసుకు కావాలి. మనం తెలుసుకోవాల్సింది ఆ ఇంట్లో మోడెం ఎవరి మాట వింటుందన్నది.

లైన్ ఓకే

టాన్ గారు వెళ్లిపోయాక ఒక కుర్ర మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, మర్యాదస్తుడు. కాని ఆఫీసు గోడకు పెద్ద తెర పెట్టించి, ఎవరెంత త్వరగా ఫిర్యాదు మూసేస్తున్నారో దాని మీద రంగుల్లో చూపించేవాడు. పచ్చరంగులో ఉన్నవాడు మంచివాడు, ఎర్రరంగులో ఉన్నవాడు ముసలివాడు. నేను ఎప్పుడూ ఎర్రగానే ఉండేవాణ్ని. పచ్చగా ఉండాలంటే ఒకటే దారి. వెళ్లడం, మన లైను కొలవడం, బాగుంటే "లైన్ ఓకే" అని రాసి వచ్చేయడం.

నా మాట నిష్ఠూరంగా ఉంటే క్షమించండి. లైన్ ఓకే అన్నది మన క్షేమసమాచారం. ఇంటివాళ్లు మన క్షేమం అడగలేదు.

అలా "లైన్ ఓకే" అని రెండుసార్లు మూసేసిన ఫిర్యాదు ఒకటి మూడోసారి తిరిగి లేచి నా దగ్గరకు వచ్చింది. బంటింగ్ నుంచి. దాని కింద, ఆఫీసులో ఫోన్ ఎత్తిన అమ్మాయి ఇంగ్లీషులో రాసిన మాట: గేమ్ కలవడం లేదు, అక్క ఆటలోంచి తనను తీసేసిందని కస్టమర్ బాధపడుతున్నారు, వయసు మళ్లినావిడ, తెలుగు వచ్చినవాళ్లు వెళ్లాలి. కంపెనీలో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. ఆ రోజు మంగళవారం.

బంటింగ్‌లో అప్పలనర్సమ్మ

పాత రబ్బరు ఎస్టేటు మూతపడ్డాక అక్కడి కుటుంబాలు వచ్చి చేరిన వరస ఇళ్లలో అదొకటి. భోజనాలవేళ దాటాక వెళ్లాను. తలుపు తీసింది కోడలు, గ్లవ్స్ ఫ్యాక్టరీలో పని, ఆ రోజు సెలవు. హాల్లో టీవీ ముందు పేము కుర్చీలో అత్తగారు అప్పలనర్సమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఒళ్లో గేమ్ కంట్రోలర్. బొటనవేళ్లు రెండూ మీటల మీద సిద్ధంగా ఉన్నాయి.

"మనోడివేనా బాబూ?" అంది.

"మనోణ్నేనమ్మా. మా తాత కూడా ఎస్టేటు మనిషే."

"అయితే కూకో. మైలో కలపమంటాను."

"పనయ్యాక తాగుతానమ్మా. ముందు ఏం జరిగిందో చెప్పండి."

"ఏటి జరుగుతాది? మా అప్ప నన్ను తీసేసినాది. తెర మీద దాని పేరు బూడిద రంగైపోనాది. రెండు వారాలయినాది."

ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మన ఇళ్లల్లో అక్కను అప్ప అంటారు. ఈవిడ అప్ప పేరు సింహాచలమ్మ, పోర్ట్ క్లాంగ్‌లో కొడుకు దగ్గర ఫ్లాట్‌లో ఉంటుంది. అక్కాచెల్లెళ్లకు మాటల్లేక ఏళ్లయింది. ఎస్టేటు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తల్లి రుబ్బురోలు అప్ప తీసుకెళ్లిపోయింది. అమ్మ దాన్ని తనకిస్తానందని ఈవిడ. పెద్దదాన్ని నేనని ఆవిడ. పెళ్లిళ్లలో కూడా పందిట్లో ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చుంటారని కోడలు చెప్పింది. ఇంతా చేసి, ఆ రోలు ఫ్లాట్‌లో తిప్పితే కింది ఇంటివాళ్లు గొడవ చేస్తున్నారని దాంట్లో ఇప్పుడు కరివేపాకు మొక్క పెట్టారట.

మరి ఆట ఎలా మొదలైంది? కరోనా వచ్చి జనమంతా ఇళ్లల్లో బందీలైన రోజుల్లో రెండిళ్ల మనవలూ గేమ్ పెట్టెలు కలుపుకుని కార్ల పందేలు ఆడుకున్నారు. ముసలమ్మల చేత కూడా ఆడించి, తెర మీద వాళ్లకు పేర్లు పెట్టారు. పెద్దావిడ టర్బో మామ్మ, చిన్నావిడ రాకెట్ మామ్మ. తర్వాత పిల్లలు ఫోన్లలో పడ్డారు, పెట్టెలు మిగిలిపోయాయి. ఒకరోజు అప్పలనర్సమ్మ పెట్టె దుమ్ము దులుపుతూ ఏదో నొక్కితే తెర వెలిగింది. కాసేపటికి టర్బో మామ్మ పందేనికి రమ్మని పిలిచింది. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం అంట్లు కడగడమయ్యాక అప్ప పిలుస్తుంది, చెల్లి వెళుతుంది. కంట్రోలర్‌లో చిన్న మైకు ఉంటుంది గాని ఇద్దరూ దాన్ని మూసే ఉంచుతారు. ఒక్క మాట లేదు.

"మాటల్లేకుండా ఏం ఆటమ్మా?" అన్నాను.

"మాటలేల బాబూ? అది ఎనకనుంచి వచ్చి నా కారుని గుద్దినాదనుకో, ఇంట్లో కొడుకు మీద కోపంగున్నాది. నెమ్మదిగా పక్కపక్కనే వచ్చినాదనుకో, ఒంట్లో బాగోనేదు. నాకు తెలిసిపోద్ది. మా అన్నదమ్ములందరూ పోనారు. నాకున్నాది అదొక్కతే."

ఆ చివరి మాట ఆవిడ నా వైపు చూడకుండా అంది. నేను మోడెం వైపు తిరిగాను.

గొడవ ఎక్కడొచ్చిందంటే, ఆఖరి పందెంలో వంతెన మీద అప్ప ముందు పోతోంది. చెల్లి పక్కనుంచి వచ్చి ఆవిడ కారును నీళ్లల్లోకి తోసేసి గెలిచింది. ఆ మర్నాటి నుంచి పెట్టె కలవలేదు, అప్ప పేరు బూడిద రంగు. నీళ్లల్లో తోసినందుకు కోపం వచ్చి, ఉన్న ఆ ఒక్క దారీ కూడా అప్ప తెంపేసిందని ఈవిడ లెక్క.

"ఫోన్ చేసి అడగొచ్చు కదమ్మా?"

"నానేల సేస్తాను? రోలట్టుకెల్లింది అది. దాని ఇంట్లో ఫోను నేదా?"

"రోజూ ఇదే లా అంకుల్" అంది కోడలు, ఇక్కడివాళ్లందరిలా మాట చివర 'లా' తగిలించి. "ఆ టైముకు కంట్రోలర్ పట్టుకుని కూచుంటారు. సీరియల్ కూడా చూడట్లేదు. ఆవిడ బ్లాక్ చేసిందో ఏమో నాకూ తెలీట్లే."

పని మొదలెట్టాను. క్లాంగ్‌లో మరో ఇంటికి ఫోన్ చేస్తే వాళ్లకు ఆట వస్తోంది, కాబట్టి సర్వీసు నడుస్తోంది. ఇంట్లో చేపల తొట్టి లేదు, అదొక ఊరట. లైను బాగుంది. వైఫై బాగుంది. కేబుల్ నేరుగా పెట్టెకు తగిలించినా కలవలేదు. నా ఫోన్లోని నెట్ ఇచ్చి చూసినా కలవలేదు. అంటే తప్పు మాది కాదు. మేనేజరు లెక్క ప్రకారం నేను అప్పుడే పచ్చరంగులోకి వెళ్లిపోవచ్చు. కాని ఆవిడ బొటనవేళ్లు ఇంకా మీటల మీదే ఉన్నాయి.

మరోసారి తెర పై నుంచి కింద దాకా చదివాను. మూలన చిన్న అక్షరాల్లో గడియారం ఉంది. బుధవారం పొద్దున అని చూపిస్తోంది. కిటికీలోంచి చూస్తే స్కూలు వ్యాను పిల్లల్ని దించుతోంది, మంగళవారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది.

"ఈ పెట్టెలో టైము ఎవరు మార్చారు?" అన్నాను.

కోడలు తాను కాదంది. కోడలూ నేనూ కలిసి అత్తగారి వైపు చూశాం. అత్తగారు గోడ వైపు చూసింది. గోడకు రోజుకో కాగితం చించే కేలెండరు వేలాడుతోంది, ప్రతి కాగితం మీదా రాహుకాలం ఎప్పుడో అచ్చేసి ఉంటుంది కదా, అది.

"మంగళారం మంగళారం నానే ఓడిపోతన్నాను బాబూ" అంది చివరికి. "ఎందుకా అని కేలెండరు సూసినాను. మేం ఆడే యేలకి సరిగ్గా రాహుకాలం. యేల మార్సుకుందామే అని దానితో సెప్పాలంటే మాటల్లేవు. ముందురోజే దాన్ని నీళ్లల్లోకి తోసినాను, అది కోపం మీద వస్తాది. ఇంక నాను బతుకుతానా? అందుకని బుధారం పొద్దునకి మార్సీసినాను."

"మార్చడం మీకెలా తెలుసు?"

"మనవడు కూరగాయల ఆటొకటి ఆడీవోడు. కాయలు యేగిరం కాయాలని పెట్టిలో టైము తిప్పీవోడు. కాయలే కాసినప్పుడు రాహుకాలం పోదేటి?"

నవ్వు ఆపుకోవడానికి నేను సంచిలో తల పెట్టి అక్కర్లేని స్క్రూడ్రైవరు వెతికాను. కోడలు వంటింట్లోకి పారిపోయింది.

ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆవిడ పెద్దకొడుకు పోర్ట్ క్లాంగ్ రేవులో లారీ తోలుతాడని గోడ మీది ఫొటో చెబుతోంది. "అమ్మా, మీ అబ్బాయి రేవు గేటు దగ్గర పాసు చూపిస్తాడు కదా. దాని మీద రేపటి తేదీ ఉంటే కాపలావాడు లోపలికి పోనిస్తాడా? అలాగే ఈ పెట్టె లోపలికి వెళ్లేముందు తన టైము చూపిస్తుంది. ఇవాళ మంగళవారమైతే ఇది బుధవారమంటోంది. దొంగ పాసనుకుని వాళ్లు గేటు దగ్గరే ఆపేశారు. లోపలెవరున్నారో మీకు కనపడదు, అందుకే అందరి పేర్లూ బూడిద రంగు."

ఆవిడ తెర మూలనున్న గడియారం వైపు చూసింది.

"అయితే అది నన్ను తీసెయ్యనేదా?"

"అది నాకు తెలియదమ్మా. టైము సరిచేస్తే తెలుస్తుంది."

నేను తెర ముందుకు వంగేసరికి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఉండు బాబూ. బాగుసేసినాక కూడా దాని పేరు బూడిద రంగుగానే ఉంటే ఏటి?"

నా ఉద్యోగంలో ఎవరూ నన్ను బాగుచేయవద్దని ఇంత భయంగా అడగలేదు. గేటు దగ్గర పట్టుకున్న ఆ తమిళావిడది వేరే భయం. పెట్టె పాడై ఉన్నంతకాలం తప్పు పెట్టెది. బాగైతే, ఏదున్నా అది అప్ప చేసిన పనే అవుతుంది. నేను చెయ్యి అలాగే ఉంచాను.

కోడలు వంటింట్లోంచి వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. "నేనున్నా కదా అత్తమ్మా. చూద్దాం లా" అంది.

"సెయ్యి బాబూ" అంది అప్పలనర్సమ్మ, కళ్లు మూసుకుని.

టైము దానంతటదే సరిచేసుకునేలా మార్చాను. మైకు కూడా పనిచేస్తుందో లేదో పరీక్షించాలని తెరిచాను. పెట్టె ఆపి మళ్లీ వెలిగించాను. కాసేపు గుండ్రంగా ఏదో తిరిగింది. తర్వాత కలిసింది.

కలవగానే టింగుమని ఒక శబ్దం. దాని వెనకాలే ఇంకొకటి, ఇంకొకటి. తెర పక్కన చిన్న చిన్న పెట్టెలు ఒకదాని కింద ఒకటి దిగుతూనే ఉన్నాయి.

"ఏటది? పాడైపోనాదా?" ఆవిడ కళ్లు తెరవలేదు.

"కాదమ్మా. పిలుపులు. టర్బో మామ్మ పందేనికి పిలిచినవి."

"ఇయ్యాలా?"

"ఇవాళ ఒక్కటే కాదు. మీరు రాని ప్రతిరోజూ. రోజూ పిలిచారు."

అప్పుడు కళ్లు తెరిచింది. ఆవిడకు ఇంగ్లీషు చదవడం రాదు, కాని ప్రతి పిలుపు పక్కనా కళ్లద్దాలు పెట్టుకున్న అప్ప బొమ్మ ఉంది. ఆ బొమ్మల్ని పై నుంచి కింద దాకా చూసి, మళ్లీ కింద నుంచి పై దాకా చూసింది. ముక్కు చీది, చీర చెంగుతో కంట్రోలర్ తుడిచింది.

ఇంతలో మరో టింగు. ఇది అప్పుడే వచ్చిన పిలుపు.

"అత్తమ్మా, టైము చూశారా?" కోడలు గోడ వైపు చూపించి ఆటపట్టించింది. "ఇప్పుడు రాహుకాలం."

"మాయప్ప పిలుస్తుంటే రాహువేటి, కేతువేటి!" అని అప్పలనర్సమ్మ మీట నొక్కేసింది.

తెర మీద గీత దగ్గర కార్లన్నీ వరసగా నిలబడ్డాయి. మధ్యలో ఎర్ర కారు ఈవిడది, దాని పక్కన పచ్చది అప్పది. పరీక్ష కోసం తెరిచిన మైకు మూయడం నేను మరిచిపోయాను. అవతల మైకు ఎప్పటినుంచి తెరిచి ఉందో నాకు తెలియదు. ఉన్నట్టుండి టీవీలోంచి ఒక ముసలి గొంతు గట్టిగా వినిపించింది.

"ఏటే గుంటా, బతికే ఉన్నావా? నన్ను నీళ్లల్లోకి తోసేసి పారిపోతావేటి? దా, ఇయ్యాల నీ పని సూస్తాను!"

ఏళ్ల తర్వాత అప్ప నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. అప్పలనర్సమ్మ కంట్రోలర్‌ను నోటి దగ్గరకు తెచ్చుకుంది. రోలు సంగతి ఎత్తుతుందేమోనని కోడలు నా వైపు భయంగా చూసింది. తెర మీద అంకెలు తగ్గుతున్నాయి.

"అప్పా" అంది అప్పలనర్సమ్మ. "అన్నం తిన్నావేటి?"

అటునుంచి ఏ శబ్దమూ లేదు. లైను తెగిందేమోనని నేను అలవాటు కొద్దీ మోడెం వైపు చూశాను. దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి.

"నేదే" అంది ఆ గొంతు, ఈసారి చాలా నెమ్మదిగా. "నువ్వొస్తావేమోనని కూకున్నాను."

పందెం మొదలైంది. మిగతా కార్లన్నీ దుమ్ము రేపుకుంటూ వంతెన దాటి వెళ్లిపోయాయి. ఎర్ర కారూ పచ్చ కారూ గీత దగ్గరే నిలబడి ఉన్నాయి.